వినే చెవి ఉంది, పలికే నోరు లేదు: స్కానర్ గురించి నా అనుభవం



పోయిన వారం పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, స్కాలర్‌షిప్ డబ్బులు పడ్డాయి. డిజిటల్ స్కానర్ కొందామనుకుంటున్నా. మళ్లీ గోదారొస్తే మన ఊళ్ల సంగతి తెలుస్తుంది కదా" అన్నాడు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

వాడి ప్రశ్న నాకు కొత్త కాదు. 2022 జూలైలో నేనూ అదే అనుకున్నాను. అప్పుడు ఏలూరులో రూమ్‌లో ఉంటున్నా. మా అమ్మమ్మ వాళ్లది వేలేరుపాడు మండలం. జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకి ఊళ్లు మునిగాయి. కరెంటు పోయింది, కరెంటు పోయాక టవర్లు పోయాయి. నాలుగు రోజులు అమ్మమ్మకి ఫోన్ కలవలేదు. మా అమ్మ పొద్దున్న లేచి అదే నంబర్ నొక్కడం, "స్విచ్ ఆఫ్" అని వినడం, ఫోన్ పక్కన పెట్టి పనికి పోవడం. ఐదో రోజు మామయ్య వేరేవాళ్ల ఫోన్ నుంచి "గుట్ట మీద ఉన్నాం, అందరం ఉన్నాం" అన్నాడు. అంతే, కట్ అయిపోయింది.

ఆ నాలుగు రోజులూ నా బుర్రలో ఒకటే తిరిగింది. టవర్ పోయినా వైర్‌లెస్ సెట్లు పనిచేస్తూనే ఉంటాయి కదా. పడవల మీదున్నవాళ్లు, ఆఫీసర్లు గాల్లో మాట్లాడుకుంటూనే ఉంటారు కదా. ఆ మాట నాకు వినపడితే చాలు కదా అని.

వరద తీశాక నేను కొన్నది అసలు స్కానర్ కాదు. చేతిలో పట్టుకునే మంచి డిజిటల్ స్కానర్, ఉదాహరణకి యూనిడెన్ ఎస్‌డీఎస్ 100 లాంటిది, అమెరికాలోనే ఆరేడు వందల డాలర్లు. మనకి తెప్పించుకుంటే కస్టమ్స్‌తో కలిపి ఒక సెమిస్టర్ ఖర్చు దాటిపోతుంది. నేను కొన్నది పెన్‌డ్రైవ్ అంత ఉండే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్. మొదట్లో ఇది లాప్‌టాప్‌లో టీవీ చూడటానికి చేసిన చిప్. 2012లో దాన్ని రేడియోగా వాడొచ్చని కొందరు కనిపెట్టారు. సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచి 1,766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. మూడు నాలుగు వేలల్లో వస్తుంది. లాప్‌టాప్‌కి గుచ్చి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరి.

తర్వాత తాడేపల్లిగూడెం మారాను. అక్కడ డాబా మీద కూర్చుని మొదటిసారి విమానం పైలట్ మాట విన్న రాత్రి నాకింకా గుర్తుంది. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య విమానాల మాటలుంటాయి, అవి ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే నడుస్తున్నాయి. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది, ఇప్పుడు జనం దాని మీద వాకింగ్ చేస్తుంటారు. దాని మీదకి విమానం రాదు గానీ, పైన పోయే విమానం నాతో మాట్లాడుతున్నట్టే అనిపించింది. 1090 మెగాహెర్ట్జ్‌లో పెడితే ఏ విమానం ఎంత ఎత్తులో ఉందో స్క్రీన్ మీద కనపడుతుంది. 145.8లో అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు బొమ్మలొస్తాయి. 137 మెగాహెర్ట్జ్ దగ్గర వాతావరణ ఉపగ్రహం పంపే మేఘాల ఫోటోని రెండు అల్యూమినియం కడ్డీలతో, ఒక్కోటి 53 సెంటీమీటర్లు, వి ఆకారంలో కట్టి పట్టుకున్నాను. బంగాళాఖాతం మీద మబ్బు గీత గీతగా స్క్రీన్ మీదకి దిగుతుంటే పక్క రూమ్ వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఏ కాలేజీ ల్యాబ్‌లోనూ నాకు అంత అర్థం కాలేదు. ఫ్రీక్వెన్సీ అంటే ఏంటి, బ్యాండ్‌విడ్త్ అంటే ఏంటి, యాంటెన్నా పొడవుకీ తరంగానికీ సంబంధమేంటి, అన్నీ ఆ డాబా మీదే నేర్చుకున్నా. కాబట్టి మంచి లేదని నేను అనను. చదువుకోవడానికైతే దీన్ని మించిన చవక గురువు లేడు.

ఇక లోపాలు.

ఒకటి. డిజిటల్ అనేది ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలుండదు. పాత అనలాగ్ మాట దూరమయ్యే కొద్దీ గరగర పెరుగుతుంది, అయినా చెవి పెడితే "పడవ... పంపండి" అని ముక్కలైనా అందుతాయి. డిజిటల్ అలా కాదు. సిగ్నల్ ఒక హద్దు దాకా గాజులా స్పష్టంగా ఉంటుంది, ఆ హద్దు దాటగానే మాయం. పైగా డిజిటల్‌లో గొంతుని బాగా కుదించి పంపుతారు. గాలి హోరు, బోటు ఇంజన్ మోత కలిస్తే మనిషి మాట మరబొమ్మ మాట అయిపోతుంది.

రెండు. సిగ్నల్ అందినంత మాత్రాన మాట అందదు. డీఎంఆర్ అనే పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌ని 30 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒకే చానల్‌లో రెండు సంభాషణలు నడుపుతారు. మామూలు రేడియోలో అది డర్ర్ర్ అని మిషన్ తిరిగిన చప్పుడులా వినపడుతుంది. డిజిటల్ స్కానర్ దాన్ని మాటగా మారుస్తుంది. కానీ దానికి తాళం వేసి పంపితే, ఎన్ని వేలు పెట్టి కొన్న స్కానర్ అయినా నోరు మూసుకోవాల్సిందే. స్కానర్లు బాగా వాడే అమెరికాలోనే ఊరు తర్వాత ఊరు పోలీసు వైర్‌లెస్‌కి తాళం వేస్తున్నాయి. న్యూయార్క్ 2023లో మొదలుపెట్టింది. అంటే లక్ష పెట్టి కొన్నా, రేపటికి అది వినేది ఏమీ మిగలకపోవచ్చు.

మూడు. ఆ ఖరీదైన స్కానర్లలో ముందే నింపి ఇచ్చే చానళ్ల పట్టిక అమెరికా, కెనడా వాళ్లది. మన జిల్లా పేరు నొక్కితే ఏమీ రాదు.

నాలుగు. మన దగ్గర దీని వెనకాల చట్టం ఉంది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్నే తప్పంది. దాని బదులు తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో, మనకి ఉద్దేశించని సందేశాన్ని అక్రమంగా పట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా అని ఉంది. "ఊరికే విన్నానండి" అనేది జవాబు కాదు. డాబా మీద నాకు డర్ర్ర్ అన్న చానళ్లు తగిలాయి. అవి ఎవరివో కనుక్కోలేదు, విప్పలేదు, ముందుకెళ్లిపోయాను. మీరూ అదే చెయ్యండి.

ఈ నాలుగో సంగతి పుస్తకంలో చదివినప్పుడు నాకు భయం వెయ్యలేదు. బస్సులో వేసింది. పండక్కి ఊరెళ్తుంటే దారిలో బస్సాపి బ్యాగులు చూశారు. నా బ్యాగులో డాంగిల్, వైర్లు, కడ్డీలు. "ఏంట్రా ఇది? ఏ ఊరు? ఎవరికి తీసుకెళ్తున్నావ్?" ఊరి పేరు చెప్పగానే అవతలి మనిషి చూపు మారడం నేను కళ్లారా చూశాను. రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎవరినీ తిట్టడానికి రాయట్లేదు, కొట్టలేదు, వదిలేశారు కూడా. కానీ ఒకటి మాత్రం తెలిసింది. అదే పరికరం గూడెంలో నా క్లాస్‌మేట్ బ్యాగులో ఉంటే "ప్రాజెక్టా బాబూ?" అని అడుగుతారు. మన బ్యాగులో ఉంటే అడిగే ప్రశ్న వేరు. ఆ తేడా తప్పే. కానీ తమ్ముడూ, కొనేముందు ఆ ధర కూడా కలిపి లెక్కేసుకో.

ఐదోది నాకు కొల్లేరు నేర్పింది. మా నాన్న కైకలూరు వైపు చేపల చెరువు మీద కాపలా పని చేస్తాడు. గట్టు మీద చిన్న పాక, ఒక లైటు, ఒక కుక్క. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచింది గుర్తుందిగా. ఆ నీళ్లన్నీ చివరికి వచ్చేది కొల్లేటికే. పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, అది ఒక్కసారిగా మింగలేదు. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి నీళ్లొచ్చాయి. నాన్న ఫోన్లో చార్జింగ్ అయిపోయింది.

నేను గూడెంలో డాబా ఎక్కాను. ఉపగ్రహం ఫోటో తీశాను, మబ్బు ఎక్కడుందో నాకు తెలుసు. విమానాలు ఎక్కడున్నాయో తెలుసు. ముప్పై ఆరు వేల అడుగుల మీద పోయేవాడి మాట నాకు వినపడుతోంది. ముప్పై నలభై మైళ్ల అవతల గట్టు మీదున్న మా నాన్న మాట వినపడట్లేదు. వినపడినా నేను తిరిగి ఒక్క మాట చెప్పలేను. ఎందుకంటే స్కానర్‌కి చెవులే గానీ నోరు లేదు. అటువైపు నాన్న చేతిలో పలికే రేడియో లేకపోతే నా చెవి ఎంత పెద్దదైతే ఏం లాభం? చివరికి నాన్న సంగతి చెప్పింది ఒక వడ్డీల పెద్దాయన. తన దోనెలో నాన్నని రోడ్డు దాకా తెచ్చి, తన ఫోన్ చేతికిచ్చి "పిల్లోడికి చెప్పుకో" అన్నాడట.

మా తాత చెప్పేవాడు, మన ఊళ్లలో డోలు కొడితే పక్కూరికి తెలిసేదని, ఆ ఊరి డోలు జవాబు చెప్పేదని. వినడమూ పలకడమూ రెండూ అందులో ఉన్నాయి. నేను నాలుగు వేలు పెట్టి సగం డోలు కొన్నానన్నమాట.

మరి ఏం చెయ్యాలి? రెండో సగానికి చట్టబద్ధమైన దారి ఉంది, అది హామ్ రేడియో. 12 ఏళ్లు దాటిన ఎవరైనా ఆశాక్ పరీక్ష రాయొచ్చు. కేంద్ర టెలికాం శాఖ నడుపుతుంది, సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, కొంచెం ఎలక్ట్రానిక్స్, కొన్ని నిబంధనలు వస్తే చాలు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ గారు హామ్ కార్యక్రమం కోసమే పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన దీవుల నుంచి కబుర్లు బయటికి చేరవేసింది ఆవిడ, ఆవిడ జట్టు. వినడంతో ఆగలేదు, పలికారు.

దానికీ హద్దులున్నాయి. 144–146 మెగాహెర్ట్జ్ చేతి సెట్ కొల్లేటి చదునులో బాగా పోతుంది గానీ, వేలేరుపాడు గుట్టల అవతలికి పోదు. అక్కడికి 7 మెగాహెర్ట్జ్ కావాలి, చెట్టుకీ చెట్టుకీ 20 మీటర్ల తీగ కట్టాలి, ఒక కారు బ్యాటరీ ఉండాలి. సెట్ ఖరీదు ఒక్కరి వల్ల కాదు. పది మంది కలిస్తే అవుతుంది.

తమ్ముడూ, నా లెక్క ఇది. నేర్చుకోవాలని ఉంటే చిన్న డాంగిల్ కొను. విమానాలు, ఉపగ్రహాలు విను, బిల్లు ఎప్పుడూ బ్యాగులో పెట్టుకో. నేను వాడిన నోవా ఉపగ్రహాలు మూడూ 2025లో ఆగిపోయాయి, ఇప్పుడు రష్యా వాళ్ల మెటియోర్ ఉంది, 137.9లో చూడు. పెద్ద డిజిటల్ స్కానర్ జోలికి మాత్రం పోకు. వరదలో అది మనవాళ్ల మాట వినిపించదు, మన మాట వాళ్లకి చేర్చదు. ఆ డబ్బు దాచు.

నేను పరీక్షకి చదువుతున్నాను. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిస్తే ఆదివారాలు గూడెంలో కూర్చుందాం. ఒకరు గూడెంలో, ఒకరు ఏలూరులో, ఒకరు వేలేరుపాడులో లైసెన్స్‌తో ఉంటే, ఈసారి గోదారొచ్చినప్పుడు మా అమ్మ ఆ స్విచ్ ఆఫ్ మాట వింటూ కూర్చోనక్కర్లేదు. రాసేవాళ్లుంటే చెప్పండి.