గేమ్ కొనాల్నా, రింగ్ కట్టాల్నా?



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు. వాళ్ల ఊరి యువజన సంఘం దగ్గర కొన్ని పైసలు జమైనయట. వాటితో సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ కొని ఎన్‌బీఏ 2కే గేమ్ పెడితే ఎట్లుంటది అని. "అది అచ్చం నిజం ఆట లెక్కనే ఉంటది, పిల్లలు బాస్కెట్‌బాల్ నేర్చుకుంటరు" అన్నడు. చాలామంది లైక్ కొట్టిండ్రు, ఇద్దరు ముగ్గురు తిట్టిండ్రు. నేను బెల్లంపల్లిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. రెండేండ్ల నుంచి ఆ గేమ్ ఆడుతున్న, సాయంత్రం గ్రౌండ్‌కు పోయి నిజం బాలు కూడా ఆడుతున్న. కామెంట్‌లో రాస్తే సరిపోదని ఇట్ల రాస్తున్న.

మా దగ్గర ఉన్నది 2కే14. 2013లో వచ్చింది, అట్ట మీద లెబ్రాన్ జేమ్స్ ఉంటడు. ఒక సీనియర్ అన్న పోతూ పోతూ మాకు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో కొత్త గేములు నడవవు, ఇది నడుస్తది. అందులో కోబీ బ్రయంట్ ఇంకా ఆడుతనే ఉంటడు. 2020 జనవరిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిండని తెలిసిన పిల్లలు కూడా ఆయన టీమునే పట్టుబట్టి తీసుకుంటరు.

ముందు మంచి చెప్త. మాది తిర్యాణి దిక్కు. మాకు తెలిసింది కబడ్డీ, వాలీబాల్. బాస్కెట్‌బాల్ రూల్స్ నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. 24 సెకన్లలో షాట్ కొట్టాలె, 8 సెకన్లలో సగం కోర్టు దాటాలె, అవతలి రింగ్ ముందు 3 సెకన్ల కంటె ఎక్కువ నిలబడొద్దు. ఇవన్నీ గేమ్‌లో విజిల్ పడ్డప్పుడల్లా ఒక్కొక్కటి తెలిసినయి. షాట్ కొట్టాలంటే బటన్ నొక్కి పట్టాలె, ఆటగాడు ఎగిరి పైకి చేరినప్పుడు వదలాలె. ముందు వదిలినా, ఆలస్యంగా వదిలినా తప్పుతది. అదేపనిగా ఉరికిస్తే వాని దమ్ము తగ్గుతది, దమ్ము తగ్గినంక షాట్లు పడవు. ఎదుటోడు ముఖం మీదికి చెయ్యి లేపినా పడవు. అందుకే ఎవరు ఖాళీగా ఉన్నరో చూసి పాస్ ఇచ్చుడు అలవాటైతది. ఫోన్‌లో క్రికెట్ గేమ్ ఆడి బాలు బాలుకు సిక్స్ కొట్టినట్టు ఇక్కడ కుదరదు.

ఇంకో లాభం నేను అనుకోనిది. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆ గేమ్‌లో కెవిన్ హార్లన్, క్లార్క్ కెలాగ్, స్టీవ్ కెర్ కామెంటరీ చెప్తరు. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయేది. కాని చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్తరు కాబట్టి కొన్ని నెలలకు చెవికి పట్టింది. గేమ్ రివ్యూలు రాసేటోళ్లు దీన్ని లోపం అంటరు, నాకు మాత్రం ట్యూషన్ లెక్క పనికొచ్చింది. మా జూనియర్లు ఇద్దరైతే సౌండ్ ఆపి గోండిలో కామెంటరీ చెప్తరు. అప్పుడు ఆడేటోళ్ల కంటె వినేటోళ్లే ఎక్కువ.

ఇగ లోపాలు. గ్రౌండ్‌కు ఒక రిటైర్డ్ గని కార్మికుడు వస్తడు, మేం తాత అంటం. డ్యూటీలో ఉన్నప్పుడు కంపెనీ పోటీలల్ల బాస్కెట్‌బాల్ ఆడిండు. ఒకరోజు ఆయనకు ల్యాప్‌టాప్‌లో చూపించిన. చాలాసేపు చూసి, "అలిసినోడు ఎట్ల నడుస్తడో మంచిగ పట్టిండ్రు. కాని వీళ్ల కాళ్లకు నేల తగుల్తలేదు బిడ్డా" అన్నడు. ఆ మాట తర్వాత నాకు గేమ్‌లో అదే కనబడుడు మొదలైంది. ఆటగాళ్లు అక్కడక్కడ జారినట్టు పోతరు. ఒక కదలిక మొదలైతే అది అయిపోయే దాకా మన బటన్ పనిచెయ్యదు. మేం ఆడే కోర్టు సిమెంటు పగిలి ఉంటది, బాలు ఒక్కోసారి పక్కకు ఎగుర్తది. గేమ్‌లో బాలు ఎన్నడూ అట్ల ఎగరదు. ఎడమ చేత్తో బాలు కొట్టుకుంట ఉరుకుడు నాకు నాలుగు నెలలు పట్టింది, గేమ్‌లో అది ఒక్క బటన్.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. అసలు లోపం పైసలది. ఈ సిరీస్‌లో మన సొంత ఆటగాణ్ని తయారుచేసుకునే పద్ధతి ఉంది, మైకెరీర్ అంటరు. పిల్లలకు ఎక్కువ ఇష్టం అదే. మొదట వానికి ఏమీ రాదు. షాట్, ఉరుకుడు, ఎగురుడు పెంచాలంటే వీసీ అనే గేమ్ డబ్బు కావాలె. అది మ్యాచ్‌లు ఆడి కొంచెం కొంచెం సంపాదించాలె, లేకపోతే నిజం పైసలు పెట్టి కొనాలె. 2కే13 నుంచి మొదలైన ఈ వీసీ మీద 2017లో 2కే18 వచ్చినప్పుడు ఆడేటోళ్లు పెద్ద గొడవే చేసిండ్రు. ఏ కార్డు వస్తదో తెలియకుండ పైసలిచ్చి తెరిచే ప్యాకెట్లు వేరే ఉన్నయి. గేములల్ల అట్లాంటి వాటిని బెల్జియం 2018లో జూదం కింద లెక్కగట్టింది. మన జాతరలల్ల పైసలు పెట్టి చక్రం తిప్పే ఆట చూసినోళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

పైగా ప్రతి ఏడాది కొత్త గేమ్. 2020లో కొత్త మెషిన్ల కోసం వచ్చిన 2కే21 ధర 70 డాలర్లు. పాతది పెట్టుకుందామంటే సర్వర్లు ఆపేస్తరు. 2015 మార్చిలో 2కే14 సర్వర్లు ఆపితే ప్లేస్టేషన్ 4 మీద ఆడినోళ్ల మైకెరీర్ తెరుచుకోలేదు. వాళ్లు లొల్లి చేస్తే కొన్నాళ్ల కోసం మళ్లీ తెరిచిండ్రు. కొత్త వాటిలో మైకెరీర్‌కు ఇంటర్నెట్ ఉండాల్సిందే. మా ఊర్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలె. టీవీ, ప్లేస్టేషన్ గుట్ట మీదికి మోసుకపోతమా?

ఇంకొకటి, మా 2కే14లో ఒక్క ఆడపిల్ల టీమ్ లేదు. ఈ సిరీస్‌లో మహిళల డబ్ల్యూఎన్‌బీఏ టీములు వచ్చింది 2019లో, 2కే20తోని. మన సంఘాలల్ల చెల్లెళ్లు కూడా చందా ఇస్తరు కదా. మెషిన్ ఒక గదిలో పెడితే సాయంత్రం ఏడింటికి దాని ముందు ఎవరుంటరో మనకు తెలుసు. మా చెల్లె హాస్టల్ నుంచి ఇంటికి వస్తే ఆ గది గడప కూడా తొక్కదు. గ్రౌండ్ అయితే వస్తది, వాలీబాల్ ఆడేది అక్కడనే కదా.

"నిజం లెక్కనే" అన్న మాటకు ఒక ముచ్చట. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెటూరి రైతు కొడుకు సత్నామ్ సింగ్. చిన్నప్పుడే లూధియానా అకాడమీలో చేర్పిస్తే అక్కడ నేర్చుకుండు. 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ పిక్‌గా తీసుకున్నది. ఇండియాలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు ఆయననే. అయినా ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. మైకెరీర్‌లో మాత్రం మా హాస్టల్ పోరగాళ్లు అందరూ మొదటి సీజన్‌లోనే స్టార్లు అయిపోతరు.

తమ్ముడూ, నా మాట అడిగితే పైసలు రింగ్‌కే పెట్టండి. రూల్స్ నేర్పాలంటే ఎవరిదన్నా పాత ల్యాప్‌టాప్‌లో పాత గేమ్ చాలు, సెలవులకు వచ్చినప్పుడు మాది నేనే తెస్త. పెద్దోళ్లకు రింగ్ ఎత్తు 3.05 మీటర్లు, చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కు 2.60. ఒకటే పోల్‌కు రెండు ఎత్తులల్ల రంధ్రాలు పెట్టిస్తే రింగ్ కిందికి మీదికి మార్చుకోవచ్చు. బాలు మగవాళ్లకు 7 నంబర్, ఆడవాళ్లకు 6, చిన్నపిల్లలకు 5. ముందుగాల 6 నంబర్‌ది ఒకటి తీసుకోండి, అందరికీ నడుస్తది. సిమెంటు తర్వాత చూసుకోవచ్చు, మట్టి గట్టిగా కొట్టి నీళ్లు చల్లితే మొదటి ఎండాకాలం గడుస్తది. వెల్డింగ్ పని తెలిసిన అన్నలు ఎవరన్నా ఉంటే పోల్‌కు ఏ సైజు పైపు కావాలో కింద రాయండి.