నాలుగు దారాల అన్వయం

యంత్రం మొరాయించిందంటే మన అనుమానం ముందు యంత్రం మీదికే పోతుంది. లోపల ఏదో అరిగిందంటాం, విరిగిందంటాం. దారం ఎక్కించిన వరుస తప్పిందేమోనన్న ఊహ మాత్రం అంత సులభంగా రాదు. ఓవర్‌లాక్ మిషను విషయంలో చాలాసార్లు జరిగేది ఇదే.

మామూలు కుట్టుమిషను మనకు ఇంటిమనిషి లాంటిది. పైన ఒక దారం, కింద బాబిన్‌లో ఒక దారం, అంతే సంసారం. ఓవర్‌లాక్‌కు బాబిన్ లేదు. మా అక్కయ్య ఇంట్లో ఉన్న దానికి రెండు సూదులు, రెండు లూపర్లు, నాలుగు దారపు రీళ్ళు. లూపరంటే కొసన కన్నం ఉన్న ఉక్కు కొక్కెం. ఒకటి బట్టకు పైన, ఒకటి కింద దారం పరుస్తూంటే పక్కనున్న చిన్న కత్తి అంచును కోసుకుంటూ పోతుంది. అమెరికాలోని కనెక్టికట్‌లో మెర్రో కుటుంబం వారు 1880లలో తమ మిల్లులోని అల్లిక బట్టల కోసం ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. ఇవాళ మన జాకెట్ల లోపలి అంచులు పోగులు లేవకుండా ఉంటున్నాయంటే ఆ కుట్టు చలవే.

అక్కయ్యకు ఈ మిషను వినోదం కాదు, భుక్తి. బావగారు పోయిన తరువాత నైటీలు, గౌనులు కుట్టే పిల్లలిద్దర్నీ చదివిస్తోంది. సంక్రాంతి పదిరోజులుందనగా కింది లూపరు దారం తెగింది. మళ్ళీ ఎక్కించింది. నాలుగు కుట్లు పడేసరికి మళ్ళీ తెగింది. మెకానిక్కు వచ్చి, లూపరు అరిగిపోయిందనీ, మిషనే మార్చుకోవడం మేలనీ సెలవిచ్చి వెళ్ళాడు. ముప్పై నైటీలు కత్తిరించి మంచం మీద పేర్చి ఉన్నాయి. వాటికి తీసుకున్న అడ్వాన్సు పిల్లల ఫీజులకు ఎప్పుడో ఖర్చయిపోయింది.

“ఒరే తమ్ముడూ, మిషనుతో వచ్చిన ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఏముందో కాస్త చదివి చెప్పరా” అంది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు యంత్రాల సంగతి తెలియదు గాని, అన్వయం సంగతి తెలుసు. పద్యంలో మాటలు ఎక్కడెక్కడ ఉన్నా, అర్థం చెప్పుకోవడానికి ఒక వరుస ఉంటుంది. ఈ మిషనుకూ ఉంది: ముందు పై లూపరు, తరువాత కింది లూపరు, చిట్టచివర సూదులు. కింది లూపరు దారం తెగితే అదొక్కటే ఎక్కిస్తే చాలదు. సూదుల దారాలు తీసేసి, లూపరుకు ఎక్కించి, ఆ పైన సూదులకు ఎక్కించాలి. లేకపోతే అప్పటికే లూపరును చుట్టుకున్న సూదిదారం కొత్తదారాన్ని పట్టుకుని తెంపేస్తుంది.

“నేను తెగినదాన్నే ఎక్కిస్తున్నానురా ఇన్నాళ్ళూ!” అంది అక్కయ్య. స్విచ్చి తీసి, పాదం పైకెత్తి, నాలుగూ మొదటినుంచి ఎక్కించింది. పాదం ఎత్తకపోతే టెన్షను బిళ్ళల నడుమ దారం సరిగా కూర్చోదు. చేతిచక్రం తనవైపు తిప్పి చూసింది. సన్నని జడలా దారం అల్లుకుంటూ బయటికి వచ్చింది. లూపరు అరగలేదు, మిషను మార్చనక్కరలేదు.

ఆ రాత్రి పుస్తకంలోని మిగతా సంగతులు కూడా తెలుగులో రాసిచ్చాను. కుట్లు మధ్యమధ్య తప్పుతూంటే సూది వంగి ఉండవచ్చు, లేదా పైదాకా ఎక్కి ఉండకపోవచ్చు. ముందు సూది మార్చాలి. పై లూపరు దారం బట్ట అడుగున కనిపిస్తే దాని టెన్షను కాస్త బిగించాలి, లేదా కింది లూపరుది వదులు చేయాలి. రెండూ ఒకేసారి ముట్టుకోరాదు. సాగే బట్ట అంచు అలలు తిరిగితే డిఫరెన్షియల్ అంకెను ఒకటి కంటె పైకి తిప్పాలి. రీళ్ళ వెనక దారాలను పట్టే కడ్డీని పూర్తిగా పైకి లాగాలి. గుండుసూదులు కత్తి దాకా పోనివ్వకూడదు. కత్తి మొండిబారితే అంచు నమిలినట్టుంటుంది. కత్తి దగ్గర చేరే నూగును రోజూ బ్రష్షుతో దులపాలి.

ముప్పై నైటీలూ భోగికి ముందే వెళ్ళిపోయాయి. ఇంతకీ నన్ను బాధించే ప్రశ్న ఒకటే. ఇంటి మిషన్లతో బతుకు వెళ్ళదీసుకునే తెలుగు ఆడవాళ్ళు ఇంతమంది ఉన్నారు గదా, ఆ నాలుగు పేజీలు తెలుగులో అచ్చువేసి పెట్టెలో పెట్టడానికి అమ్మేవారికి ఎంత ఖర్చవుతుంది? అది లేకనే ఎన్ని ఇళ్ళలో మంచి మిషన్లు అటకెక్కి, వాటితోపాటు ఎందరి సంపాదన అటకెక్కిందో!

నేను రాసిచ్చిన కాగితం ఇప్పుడు అక్కయ్య గోడ మీద అంటించి ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ముందు దాన్ని చదివి, తరువాతే దారం పట్టుకుంటారు.