క్షమించిన తరువాత కూడా అడగవచ్చునా?

మన సంఘాల్లో ఎవరైనా అకాల మరణం పాలైనప్పుడు ఆ ఇంటికి వెళ్లినవారు సాధారణంగా ఒక మాట చెబుతారు: "దేవుని చిత్తం అమ్మా, ఇక ఏమీ అడగకండి." ఆదరించాలనే ప్రేమతోనే అంటారు. అయితే మనిషిని మనిషే చంపినప్పుడు కూడా ఈ మాట సరిపోతుందా అని మేమిద్దరం చాలాకాలంగా ఆలోచిస్తున్నాము. ఆ ఆలోచనలో మాకు తోడైన కుటుంబం ఒకటి ఉంది. వారు మన దేశస్థులు కారు, మన సంఘంవారూ కారు. న్యూయార్క్‌కు చెందిన కతోలికులు, ఫోర్డ్ కుటుంబంవారు.

ఆ ఇంటి ఆడపడుచు ఈటా ఫోర్డ్ మేరీనోల్ సిస్టర్ల సభలో చేరి, చిలీ దేశంలో పేదల మధ్య పనిచేసి, 1980లో ఎల్ సాల్వడోర్‌కు వెళ్లింది. మధ్య అమెరికాలో చిన్న దేశం అది. మన పాత అనంతపురం జిల్లాకంటే కాస్త పెద్దది, అంతే. ఆ సంవత్సరం మార్చి 24న అక్కడి ఆర్చిబిషప్ రొమేరోను ఆరాధన జరిపిస్తుండగా కాల్చి చంపారు. పేదలకు అన్నం పెట్టినా, ఊరు విడిచి పారిపోయి వచ్చినవారికి నీడ చూపినా విప్లవకారులనే ముద్ర వేసే రోజులవి. ఆగస్టులో ఈటా, ఆమె సహచరి సిస్టర్ కార్లా ప్రయాణిస్తున్న జీపు వరదలో చిక్కుకుంది. కార్లా ఈటాను కిటికీలోనుండి బయటికి తోసి, తాను కొట్టుకుపోయింది. అంత జరిగినా ఈటా తిరిగి ఇంటికి వెళ్లలేదు.

డిసెంబరు 2వ తేదీ రాత్రి ఈటా, సిస్టర్ మౌరా క్లార్క్ పొరుగుదేశమైన నికరాగువా నుండి విమానం దిగారు. వారిని తీసుకువెళ్లడానికి సిస్టర్ డొరతీ కేజెల్, ఇరవై ఏడేళ్ల జీన్ డోనొవన్ వ్యాను తెచ్చారు. విమానాశ్రయం దాటాక మామూలు దుస్తుల్లో ఉన్న నేషనల్ గార్డ్ సైనికులు ఆ వ్యానును ఆపారు. నలుగురినీ చెరిచి, కాల్చి చంపారు. తెల్లవారాక ఆ ఊరి రైతులచేత లోతులేని గుంటలో పూడ్పించారు. రెండు రోజుల తరువాత ఆ గుంట త్రవ్వి దేహాలను పైకి తీస్తుండగా అమెరికా రాయబారి రాబర్ట్ వైట్ అక్కడే నిలబడి చూశాడు.

ఈటా అన్న బిల్ ఫోర్డ్ న్యూయార్క్‌లో వకీలు. చెల్లెలి మరణం ఆయనను ఎంత గాయపరచిందో, తరువాత విన్న మాటలు అంతకు తక్కువ కాకుండా గాయపరచి ఉంటాయి. 1981 మార్చిలో అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, ఆ స్త్రీలు సైనికులు అడ్డగించినా ఆగకుండా వెళ్లబోయారేమో, కాల్పులు జరిగాయేమో అన్నట్టు చట్టసభ కమిటీ ముందు మాట్లాడాడు. చనిపోయినవారు జవాబు చెప్పుకోలేరు గదా! ఆ జవాబు చెప్పే పని ఇంటివారి మీద పడింది.

బిల్ ఫోర్డ్ అడిగినది ఒకటే ప్రశ్న: ఆజ్ఞ ఇచ్చినది ఎవరు?

అమెరికా చట్టసభ సైనిక సహాయంలో కొంత నిలిపివేసిన తరువాత, 1984లో ఐదుగురు సైనికులకు ముప్పై ఏళ్ల చొప్పున శిక్ష పడింది. ఇక చాలు గదా అన్నవారు ఉన్నారు. కాని తుపాకి పేల్చిన చేయి వేరు, పేల్చమన్న నోరు వేరు. 1993లో ఐక్యరాజ్యసమితి నియమించిన సత్య విచారణ సంఘం, ఈ హత్యలు ముందుగా వేసుకున్న పథకం ప్రకారమే జరిగాయని, పైఅధికారి ఆజ్ఞ ఉన్నదని తేల్చింది. ఆ నివేదిక వచ్చిన ఐదు రోజులకే ఆ దేశం అందరికీ క్షమాభిక్ష చట్టం చేసింది. 1998లో శిక్షపడిన ఐదుగురిలో నలుగురు, తమకు పైనుండి ఆజ్ఞ వచ్చిందని జైలులోనే మానవహక్కుల న్యాయవాదులతో చెప్పారు.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మా అల్లుడు 2004లో గల్ఫ్‌లో పనిచేస్తూ చనిపోయాడు. పెట్టె వచ్చింది, పెట్టెతో ఒక కాగితం వచ్చింది. గుండె ఆగిపోయిందని అందులో ఒక్క ముక్క. అది హత్య అని మేము అనడం లేదు. కాని మా అమ్మాయి అప్పటినుండి అడుగుతూనే ఉంది: "పక్కన ఎవరున్నారు నాన్నా? చివరికి ఏమన్నాడు?" ఆమె డబ్బు కోసం అడగలేదు, ఎవరిమీదా పగతోనూ అడగలేదు. ఆయనను ప్రేమించింది గనుక అడిగింది.

బైబిలులో రిస్పాను చూడండి. సౌలు ఇంటి పాపానికి బదులుగా ఆమె ఇద్దరు కుమారులను ఉరితీసి వదిలేస్తే, ఆమె కొండమీద గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి మృగాలను తోలుతూ, కోతకాలం మొదలుకొని వానలు పడేవరకు అక్కడే ఉంది. ఆమె ఎవరినీ శపించినట్టు వ్రాయబడలేదు. కాని ఆమె లేచిపోలేదు. చివరికి ఆ సంగతి దావీదు రాజు చెవిన పడింది. క్షమించడమంటే కొండ దిగి రావడం అని మాకు ఎవరు చెప్పినా మేము ఒప్పుకోలేము. క్షమించాలన్నా, ఏమి క్షమిస్తున్నామో తెలియాలి గదా.

ఇద్దరు మాజీ రక్షణమంత్రులు, జనరల్ గార్సియా, జనరల్ వీడెస్ కసనోవా, 1989 నుండి అమెరికాలోని ఫ్లోరిడాలోనే కాపురమున్నారు. హత్యలు జరిగిననాటికి మొదటివాడు రక్షణమంత్రి, రెండవవాడు నేషనల్ గార్డ్ అధిపతి. నాలుగు కుటుంబాలవారు వారిమీద అక్కడే దావా వేశారు. 2000 నవంబరులో జ్యూరీ జనరళ్ల పక్షానే తీర్పు చెప్పింది. కింది సైనికులమీద వారికి నిజమైన అదుపు ఉన్నట్టు రుజువు కాలేదన్నారు. రెండేళ్ల తరువాత, చిత్రహింసలు అనుభవించిన ముగ్గురు సాల్వడోర్‌వారు వేసిన మరో దావాలో అదే ఇద్దరు ఓడిపోయారు. బిల్ ఫోర్డ్ 2008లో కన్నుమూశాడు. వీడెస్‌ను 2015లో, గార్సియాను 2016లో అమెరికా నుండి పంపివేశారు. అది చూడడానికి ఆయన లేడు. 2016లోనే ఎల్ సాల్వడోర్ సుప్రీంకోర్టు ఆ క్షమాభిక్ష చట్టాన్ని కొట్టివేసింది.

2025 జూన్‌లో అక్కడి న్యాయస్థానంలో గార్సియా దోషిగా తేలాడు. సిస్టర్ల విషయంలో కాదు. 1982లో సైనికులు చంపిన నలుగురు డచ్ జర్నలిస్టుల కేసులో. సిస్టర్లను చంపమని ఆజ్ఞ ఇచ్చినందుకు ఇంతవరకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఈ వార్త మా అమ్మాయికి చదివి వినిపించాము. "నలభై మూడేళ్లా నాన్నా!" అని కాసేపు ఊరకుండి, ఆ కంపెనీకి మరో ఉత్తరం రాయమంది. రాశాము.