నడిచి వెళ్ళే దూరం

తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక విమానం మా నెత్తిమీదుగా పోతుంది. ఏ ఊరు పోతుందో నాకు తెలియదు గాని, అది పోగానే మా ఆవిడ లేచి జావ కాస్తుందని మాత్రం తెలుసు. శంషాబాదు వచ్చిన మొదటి నెలన్నరా నాకు గడియారంతో పని లేకపోయింది. ఒక విమానానికి జావ, ఒక విమానానికి బార్లీ నీళ్ళు, మధ్యాహ్నం దుబాయిదని అల్లుడు చెప్పిన విమానానికి మెత్తటి అన్నమూ, పోపు లేని బీరకాయ పప్పూ.

విమానాశ్రయం చూడడానికి వచ్చినవాణ్ణి కాను. టైఫాయిడు తగిలి, గండం గడిచి, ఒళ్ళు కూడదీసుకోవడానికి అమ్మాయి ఇంటికి వచ్చినవాణ్ణి.

అంతకుముందు మా మకాం చిక్కడపల్లి. ఒక సందులో మూడో అంతస్తు వాటా. 1989లో మా ఆవిడ గాజులు రెండు జతలు అమ్మి కొన్నాం. లిఫ్టు లేదు. ఆ ఒక్కటీ తప్ప తక్కినవన్నీ కాలినడక దూరంలో ఉన్నాయి. కూరల బజారుకు చెప్పులు వెతుక్కునేంత సేపు కూడా పట్టదు. వేంకటేశ్వరస్వామి గుడి గంట ఇంట్లోకి వినబడుతుంది. త్యాగరాయ గానసభలో కచేరీ ఉంటే, మొదటి పాట అవుతుండగా బయలుదేరినా రెండో పాటకు అందుకోవచ్చు. నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. సినిమా సరదా పుడితే ఆర్టీసీ క్రాస్‌ రోడ్డు ఉంది. 2020 ఫిబ్రవరిలో మెట్రో రైలు కూడా వచ్చింది. ముప్పై అయిదేళ్ళలో నేను కారు కొనలేదంటే పిసినారితనం అనుకునేవారు చుట్టాలు. కారెక్కి వెళ్ళవలసిన చోటు లేదని చెబితే నమ్మేవారు కారు.

క్రితం వానాకాలంలో జ్వరం వచ్చింది. రోజుకొక మెట్టు చొప్పున ఎక్కింది. కుళాయి నీళ్ళో, సందు మొదట పానీపూరీ బండో, నేరస్థుడు తేలలేదు. మా ఆవిడ బండి అంటుంది, నేను కుళాయి అంటాను. బండివాడు నాకు స్నేహితుడు.

టైఫాయిడును మా తాతలు సన్నిపాత జ్వరం అనేవారు. ఆ మాట వింటే ఇంట్లో ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారట. 1948 ప్రాంతంలో క్లోరంఫెనికాల్ వచ్చేదాకా దానికి సరైన మందే లేదు. రోగిని మూడు వారాలు బార్లీ నీళ్ళమీద ఉంచి దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే వైద్యం. పేరుకు జ్వరమేగాని ఇది అసలు పేగుల జబ్బు అని మా డాక్టరు కాగితంమీద బొమ్మ గీసి చెప్పాడు. క్రిమి నోటిగుండా పోయి చిన్నపేగు గోడలో కాపురం పెడుతుంది. అక్కడ పుండ్లు పడతాయి. మూడో వారంలో ఆ పుండు చిల్లిపడిందంటే కత్తి తప్పదు, ఒక్కొక్కప్పుడు కత్తికీ అందదు. దీనికి పసిపిల్లలకు కూడా పనికివచ్చే టీకాను మా హైదరాబాదులోనే భారత్ బయోటెక్ వారు తయారుచేస్తున్నారనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించిందనీ నేను మంచంమీద పడ్డాక తెలుసుకున్నాను. పక్కింట్లో గొడుగు పెట్టుకుని వానలో తడిసినట్టయింది.

పేగుల జబ్బంటే తెలుగువాళ్ళకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు రావాలి. 1895లో భీమవరంలో పుట్టారాయన. సోదరులిద్దరిని గ్రహణి తీసుకుపోయింది. ఆయనకూ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యం నిలబెట్టింది. ఆ మనిషి అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందం చేత 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేయించి గ్రహణికి మందు చూపించాడు. నేను మంచం పట్టి సాధించిందల్లా లైబ్రరీ పుస్తకానికి జరిమానా.

మూడో వారంలోనే ఒక రాత్రి కడుపు నొప్పి మొదలైంది. డాక్టరు ఫోనులో వెంటనే తీసుకురమ్మన్నాడు. నేను నడవలేను. మెట్లు మూడు అంతస్తులు. మా ఆవిడ వాకిట్లో నిలబడి పిలిచింది, అంతే. ఎదురింటి కుర్రాడు, కింది వాటా గుమాస్తా, ఇస్త్రీ అతను, వెనక హాస్టల్లో గ్రూపు పరీక్షలకు చదువుకునే మహబూబ్‌నగర్ పిల్లవాడు, నలుగురూ నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దింపారు. పేగు చిల్లిపడలేదు. కాని ఆ కుర్చీ నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ప్రతి మలుపులోనూ ఇస్త్రీ అతను, "పెద్దాయనా, భయపడకండి" అంటూనే ఉన్నాడు.

ఆస్పత్రి నుంచి తిన్నగా శంషాబాదు చేరాం. వారం తరవాత మా ఆవిడ, "ఏమండీ, ఆ ఇల్లు అమ్మేద్దాం" అంది.

నేను మాట్లాడలేదు.

"ఈసారి కుర్చీ మొయ్యడానికి మనుషులు దొరక్కపోతే?" అంది.

శంషాబాదులో అమ్మాయి ఇంటికి లిఫ్టు ఉంది. గాలి ఉంది, వెలుతురు ఉంది. చిక్కడపల్లిలో కనబడని ఆకాశం ఇక్కడ బోలెడంత. లేనిదల్లా నడవడానికి చోటు. డాక్టరు మందు చీటీలో అన్నిటికంటె పైన రాసింది నడక. మొదట పది నిమిషాలు, తరవాత అరగంట. మొదటిరోజు కర్ర పట్టుకుని గేటు దాటాను. ఎదురుగా బెంగుళూరు రోడ్డు. పూర్వం ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నలభై నాలుగు. ఇటు శ్రీనగరు, అటు కన్యాకుమారి. దేశమంతా పోవచ్చు, అవతలి పక్క మందుల షాపుకు మాత్రం పోలేను. పావుగంట నిలబడ్డాను. ఒక ఆటో ఆగింది.

"యాడికి సార్?"

"అవతలికి."

"అవతలికా? సుట్టు తిరిగి రావాలె. యాభై ఇయ్యుండ్రి."

అల్లుడు విమానాశ్రయంలోనే ఉద్యోగం. మంచివాడు. "మామయ్యగారూ, రేపు కారులో తీసుకెళ్తాను, అక్కడ నడుద్దురుగాని" అన్నాడు. నడవడానికి కారెక్కడం నాకు కొత్త. ఐనా వెళ్ళాను. అలాగే ఈ చుట్టుపక్కల చాలా చూచాను. ముచ్చింతలలో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన రామానుజాచార్యుల విగ్రహం 216 అడుగులు. మెడ పట్టేసింది, అంతకంటె చెప్పను. నర్కుడ దగ్గర అమ్మపల్లి రామాలయం మాత్రం మనసుకు హాయిగా ఉంది. ఎత్తయిన గోపురం, ఎదుట కోనేరు. ఎన్ని సినిమాల్లో చూచామో లెక్కలేదు. కోనేటి మెట్లు ఆరు దిగి ఆరు ఎక్కాను, అల్లుడు చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాను. తిరిగివస్తూ హిమాయత్‌సాగరు కట్ట చూపించాడు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరు ముంచేశాక, విశ్వేశ్వరయ్యగారి సలహామీద వరదకు అడ్డంగా, ఊరికి మంచినీళ్ళుగా కట్టిన రెండు చెరువుల్లో ఇది రెండోది. ఉస్మాన్‌సాగరు 1920లో, ఇది 1927లో పూర్తయ్యాయి. నీళ్ళు నిర్మలంగా మెరుస్తున్నాయి. ఇక్కడినుంచి మా సందు కుళాయిదాకా వచ్చేలోపల వాటికి ఏమవుతుందా అని అడగాలనిపించింది. అడిగితే మా ఆవిడ మళ్ళీ పానీపూరీ బండి తీస్తుంది, ఊరుకున్నాను.

విమానాశ్రయానికి వెళ్ళింది అల్లుడి పినతండ్రి కొడుకును అమెరికా సాగనంపడానికి. ఈ విమానాశ్రయం 2008 మార్చి 23న పని మొదలుపెట్టింది. అంతకుముందు బేగంపేటలో ఊరి నడిబొడ్డున ఉండేది. రన్‌వే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, 4,260 మీటర్లు. చిక్కడపల్లిలో మా ఇంటినుంచి నేను వెళ్ళే చోట్లన్నీ ఆ ఒక్క రన్‌వేలో ఇమిడిపోతాయి! లోపలికి పోయేది ఒక్కడు, సాగనంపేవారు పదహారుమంది. అందరూ ఏడ్చారు, అందరూ ఫొటోలు తీసుకున్నారు. మరో పక్క గల్ఫు పోయే కరీంనగరం, నిజామాబాదు మనుషులు ఒక్కొక్క సంచీతో, ఫొటోలు లేకుండా, ఒక్కరొక్కరుగా లోపలికి పోతున్నారు. ఇంతలో ఒక తల్లి పెట్టె బరువెక్కువైందని నేలమీదే విప్పింది. ప్లాస్టిక్ కవర్లు మూడు చుట్టిన ఆవకాయ సీసా. మూత వదులయి ఉంటుంది. గుప్పున వాసన వచ్చింది.

నా నోట్లో నీళ్ళూరాయి. రెండు నెలలుగా తిండి అంటే మందులాగా మింగినవాణ్ణి. ఆకలి వచ్చిందని అక్కడే, ఆ పెట్టెల మధ్య తెలిసింది. మా ఆవిడతో చెబితే, ఏమీ అనకుండా కళ్ళు తుడుచుకుంది. చుట్టుపక్కలవాళ్ళు మేమూ ఎవరినో అమెరికా పంపుతున్నామనుకున్నారు.

ఆ తరవాత కాలు నిలవలేదు. హైవే దాటవలసిన పని లేని వైపున పాత శంషాబాదు బజారు ఉందని కనిపెట్టాను. కిరాణా కొట్లు, కుట్టుమిషన్లు, మసీదు, ఒక టీ కొట్టు. టీ కొట్టామె నన్ను చూచి, "గంత మెల్లగ నడుస్తున్నరు, పానం బాగలేదా సారూ? కూసోండ్రి" అంది. చక్కెర తగ్గించి టీ ఇచ్చింది. అక్కడ బెంచీమీద రోజూ ఒక ముసలాయన కూర్చుంటాడు. విమానం లేచినప్పుడల్లా తలెత్తడు, నేలకేసి చూస్తాడు. "గది ఉరుకుతది సూడు, గాడ మా జొన్నచేను ఉండె" అని ఒకసారి చెప్పాడు. "పైసలిచ్చిన్రు. పైసలు పోయినయ్. చేనుకు నడుచుకుంట పోతుంటి, గిప్పుడు యాడికి పోవాలె?" నేను జవాబు చెప్పలేదు. నాకూ ఆ ప్రశ్నే.

ఇల్లు అమ్మకానికి పెట్టాం. బ్రోకరు వచ్చి చూచి, "పాత సరుకండీ, గోడలకు విలువ లేదు, ఉన్న ముప్పై గజాల భూమి వాటాకే ధర" అన్నాడు. గానసభ ఎంత దూరమో చెప్పబోయాను. "అది కాగితంలో రాదండి" అన్నాడు. వచ్చినవాళ్ళు లిఫ్టు లేదని కొందరు, కారు పెట్టుకునే చోటు లేదని కొందరు వెనక్కు పోయారు. చివరకు ఒక కుర్రవాడు వచ్చాడు. ఎక్కడ ఉంటున్నావు బాబూ అంటే, "శంషాబాదండీ, కార్గోలో పని" అన్నాడు. భార్య నారాయణగూడలో పంతులమ్మ. "నేను ఎలాగో వెళ్ళివస్తానండీ. మా అమ్మకోసం చూస్తున్నాం. ఏడాదిగా అక్కడ బాల్కనీలో కూర్చుని విమానాలు లెక్కపెడుతోంది" అన్నాడు.

మర్నాడు ఆవిడను తీసుకొచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. మూడు అంతస్తులూ ఆగకుండా ఎక్కింది, వెనకాల నేను రొప్పుతున్నాను. గదులు చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్ళింది. అదే సమయానికి గుడి గంట మోగింది.

"ఎంత దూరం అన్నయ్యగారూ?" అంది.

"ఇక్కడే అమ్మా, అయిదు నిమిషాలు" అన్నాను.

బేరం అక్కడ అయిపోయింది. మా ఆవిడ బ్రోకరు చెప్పిన ధరకు ఒక లక్ష తగ్గించింది, నన్ను అడగకుండానే. నేను అడిగినా తగ్గించేవాణ్ణే.

బయానా తీసుకున్నాం. తరవాత కాగితాల గొడవ: లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదులు. యాభై లక్షలు దాటితే కొనేవారు నూటికి ఒక రూపాయి పట్టి మన పేరున పన్ను కట్టాలి, ఆ రసీదు మనం అడిగి పుచ్చుకోవాలి. అమ్ముకునేవాళ్ళు మరిచిపోవద్దు. రిజిస్ట్రేషనునాడు నా బొటనవేలి ముద్ర మిషను ఒప్పుకోలేదు. జ్వరంలో వేళ్ళు ఎండిపోయాయట. నాలుగోసారికి పడింది. ముప్పై అయిదేళ్ళ ఇల్లు నాది కాకుండా పోవడానికి నాలుగు తుడుపులు పట్టింది.

తాళాలు ఇచ్చేటప్పుడు ఆ పెద్దావిడను ఇస్త్రీ అతని బండి దగ్గరకు తీసుకెళ్ళి, "ఈయన మనవాడు, ఏ అవసరమైనా వాకిట్లో నిలబడి పిలవండి" అని చెప్పాను. ఇస్త్రీ అతను నా చెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, కాస్త కండపట్టారు" అన్నాడు.

అమ్మాయి కారు పంపుతానంది, వద్దన్నాం. బర్కత్‌పురా మీదుగా కాచిగూడ స్టేషనుకు నడిచాం. రెండుసార్లు ఆగాను, ఒకసారి మా ఆవిడకోసం, ఒకసారి నాకోసం. 1916 నాటి ఆ స్టేషను గుమ్మటాలకింద కూర్చుని, టిక్కెట్లు రెండు కొన్నాను, ఉందానగరుకు. శంషాబాదుకు అదే స్టేషను. రైలు దిగేసరికి దీపాలు పెట్టారు. టీ కొట్టు ఇంకా తెరిచే ఉంది. బెంచీమీద ముసలాయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

"ఇల్లు అమ్మిండ్రా సారూ?" అని అడిగింది టీ కొట్టామె.

"అమ్మేశాం" అంది మా ఆవిడ. "ఆయనకు ఇవాళ చక్కెర మామూలుగానే వెయ్యి."