సాంచా రాయించిన పద్దు

సిరిసిల్ల బీవై నగర్‌లో జనాన్ని నిద్రలేపేది కోడి కూత కాదు, సాంచాల చప్పుడు. టకటకా టకటకా... పొద్దంతా అదే మోత. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు అది వినపడనే వినపడదు. ఆగిపోతేనే వినపడుతుంది! ఆ రోజూ అంతే. ఎనిమిదింట్లో ఒక సాంచా ఠక్కున ఆగింది. ఆసామి చేతిలోని చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టి షెడ్డులోకి పరుగెత్తాడు.

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. నూలిచ్చి బట్ట తీసుకెళ్లేవాడు యజమాని. నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని, యజమాని ఇచ్చిన బీములకు కూలికి నేయించి ఇచ్చేవాడు ఆసామి. పేరుకు ఆయనా సొంతదారే. కాకపోతే బట్ట ధర ఆయన చేతిలో లేదు, నూలు ధర ఆయన చేతిలో లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ ఇనుప యంత్రాలూ వాటి రిపేర్లూ!

కాసేపటికి జాబర్ వచ్చాడు. సాంచాలు బాగుచేసే మెకానిక్ అన్నమాట. వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

''పిక్కర్ అరిగిందని మొన్ననే చెప్తి గదన్నా. ఈ బీము దిగినంక చూద్దామంటివి. ఇప్పుడు చూడు, నాడె మధ్యలనే ఇరుక్కున్నది.''

నాడెను ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టి పంపేది పిక్కర్. అరచేతిలో పట్టే వస్తువు. సాంచా విడిభాగాల్లో చవకైనవాటిలో అదొకటి. అది అరిగితే దెబ్బలో బలం తగ్గుతుంది. నాడె అవతలి పెట్టెకు చేరకుండా పడుగు మధ్యలో చిక్కుకుంటుంది. ఆ మీదట పన్నె వచ్చి గుద్దుతుంది. వందల పోగులు ఒక్కసారే తెగిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా ముడివేసి, మళ్లీ పన్నెలోంచి తీసేసరికి పూట గడిచిపోయింది. మార్చాల్సింది ఒక పిక్కర్. తీరా మార్చింది పిక్కర్, నాడె, పన్నె. పైగా ఒక పూట నేత పోయింది.

పద్దు పుస్తకంలో ఏముంది?

రాత్రి ఆయన భార్య పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. కళ్లు మాత్రం పుస్తకం మీద ఉన్నాయి.

''ఏందయ్యా, సాంచాలు సవ్వగ దొరికినయంటివి. కొన్న పైసల కంటె బాగుచేయించిన పైసలే ఎక్కువైనట్టున్నయి గదా?''

ఆయన మాట్లాడలేదు. మహారాష్ట్రలో ఎవరో కొత్త యంత్రాలు తెచ్చుకుని పాతవి అమ్మేస్తుంటే, ఇనుము ధరకు కాస్త ఎక్కువిచ్చి తెచ్చుకున్న సాంచాలవి. కొన్న రేటు మొదటి పేజీలో ఒక్క వరుసలో ఉంది. ఆ తర్వాతి పేజీలన్నీ రిపేర్లే. తోలు పట్టీలు, బేరింగులు, బెల్టులు, పళ్ల చక్రాలు, కాలిపోయిన మోటారుకు వైండింగు. ఒక్కొక్కటీ చిన్న అంకెలే. అందుకే ఎన్నడూ గుచ్చుకోలేదు. కూడితే గానీ తెలియలేదు!

ఆ పుస్తకంలో లేని ఖర్చు ఇంకొకటుంది. ఆగిన గంట. పన్నెండు గంటల పనిలో ఒక సాంచా రోజుకు ఒక గంట ఆగిందనుకుందాం. ఏడాదికి 300 పనిదినాలనుకున్నా 300 గంటలు. అంటే 25 రోజుల పని. దాదాపు ఒక నెల! ఎనిమిది సాంచాలూ అలాగే ఆగితే 200 రోజుల నేత గాలికి పోయినట్టే. సాంచా నడిపే కార్మికుడికి కూలి నేసిన పిక్కుల లెక్కన వస్తుంది. సాంచా ఆగితే అతని కూలీ ఆగుతుంది, ఆసామికి రావాల్సిందీ ఆగుతుంది.

పోనీ అసలు నడపకపోతే ఖర్చుండదా? అదీ లేదు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పథకం తెచ్చాక సిరిసిల్లకు ఆ ఆర్డరు పెద్ద దిక్కయింది. 2023తో అది ఆగింది. ఆర్డర్లు లేక ఎన్నో షెడ్లకు తాళాలు పడ్డాయి. మళ్లీ మహిళా సంఘాల సభ్యులకిచ్చే చీరల ఆర్డరు 2025లో వచ్చి, తాళాలు తీసి చూస్తే... తుప్పు పట్టిన ఇరుసులు, బిగుసుకుపోయిన బేరింగులు, ఎలుకలు కొరికిన పడుగు! నడిచే సాంచా అరుగుతుంది. ఆగిన సాంచా తుప్పు పడుతుంది.

ఇంత తెలిసీ ఆయన ఇంకో నాలుగు పాత సాంచాలకు బేరమాడుతున్నాడు. బయానా ఇవ్వడమే తరువాయి. ''మా తమ్మునితోని ఒక్క మాట మాట్లాడి ఇయ్యి'' అంది ఆమె. ఆ మాట మీదే ఇద్దరూ వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కారు.

యంత్రం లేని చోట...

కోరుట్లలో అత్తగారి ఇంట్లో యంత్రమనేదే లేదు. ఒక కత్తెర, ఆకు కోయడానికి రేకు ఫర్మా, ఒక దారపు ఉండ. అంతే. కత్తెర మొద్దుబారితే సాన పట్టిస్తారు. కానీ వేల బీడీలు చుట్టిన వేళ్లకు సాన ఎక్కడ పడతారు? అత్తగారు లేవాలంటే గోడ పట్టుకోవాలి. దారం ముడి కనపడక చాట కళ్లదాకా ఎత్తుకుంటోంది. చుట్టినవి కార్ఖానాకు పోతాయి. అక్కడ బట్టీలో వేడిచేసి, కట్టలకు లేబుళ్లు అంటించి, ప్యాకింగ్ చేస్తారు. అందులోనూ చేతిపని ఎక్కువే. వెయ్యి బీడీలకింత అని కూలి. నడుం నొప్పికీ కళ్లజోడుకూ అందులో విడిగా పైసా ఉండదు.

నిజానికి ఆ ఖర్చును ప్రభుత్వం ఒకప్పుడు గుర్తించింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం చేసి, తయారైన బీడీల మీద సెస్సు వేసింది. ఆ డబ్బుతో కార్మికులకు దవాఖానలు, పిల్లలకు ఉపకార వేతనాలు, ఇళ్లకు సాయం. ఒక రకంగా అది మనిషి ఒంటికి పెట్టిన రిపేరు నిధి! 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సును ఎత్తేశారు. సంక్షేమం బడ్జెట్ కేటాయింపుల మీదకు మళ్లింది.

సీజనుకు ముందే విప్పుతారు

మర్నాడు బామ్మర్ది ఆయన్ను జగిత్యాల తీసుకెళ్లాడు. అతను పనిచేసేది రైస్‌మిల్లులో. సీజను ఇంకా మొదలవలేదు. అయినా మిల్లులో సందడే. యంత్రాలన్నీ విప్పి పెట్టారు.

''మంచిగ నడిచేదాన్ని ఎందుకు విప్పిన్రు?'' అనడిగాడు ఆసామి.

''సీజన్ల ఆగితె గేటు ముంగట లారీలు లైను కడ్తయి బావా. అప్పుడు విప్పితె నష్టం మనదే. గందుకే ఇప్పుడే చూసుకుంటం.''

ధాన్యం పొట్టు తీసేవి రెండు రబ్బరు రోలర్లు. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతాయి. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. అందుకని మధ్యలో రెండింటి స్థానాలూ మారుస్తారు. దాంతో రెండూ సమానంగా అరిగి ఎక్కువ రోజులు వస్తాయి. అరిగిన వాటినే సాగదీస్తే పొట్టు సరిగా పోదు. పోవాలని బిగిస్తే నూక పెరుగుతుంది. చివర్లో బస్తాలు నింపే చోట తూకం యంత్రం. దానికి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. పక్కనే సంచి మూతి కుట్టే మిషను. బామ్మర్ది దాని సూదిని చూపించాడు.

''గింతంత సూది బావా. ఇది వంగితె కుట్టు జారుతది. లారీల సంచి మూతి ఇప్పుకుంటె బియ్యం రోడ్డుపాలే.''

ఆసామికి తన పిక్కర్ గుర్తొచ్చింది.

యంత్రం తనంతట తానే తప్పు పట్టుకుంటే ఎంత బాగుండును అన్న ఆలోచన కొత్తది కాదు. జపాన్‌లో సకిచి టయోడా అనే ఆయన 1924లో ఒక ఆటోమేటిక్ మగ్గం తెచ్చాడు. పోగు తెగితే అది దానంతటదే ఆగిపోతుంది. చెడ్డ బట్ట నేయదు. 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ దాని హక్కులు కొనుక్కుంది. ఇవాళ ప్రపంచమంతా తిరిగే టయోటా కార్ల కంపెనీకి మూలం ఆ మగ్గాల ఇల్లే! అలాంటి ఆపుడు పరికరాలనే పాత సాంచాలకు బిగించుకునేందుకు మన దగ్గర 2017 ఏప్రిల్‌లో మొదలైన పవర్‌టెక్స్ ఇండియా పథకం సబ్సిడీ ఇచ్చింది. జనరల్ వర్గానికి ఖర్చులో సగం, సాంచాకు గరిష్ఠంగా రూ.45 వేలు. మిగతా సగం మాత్రం ఆసామే తెచ్చుకోవాలి. అదే కష్టం. కూలి రేటు మాట్లాడుకునేటప్పుడు పిక్కులు లెక్కకొస్తాయి, మీటర్లు లెక్కకొస్తాయి. అరుగుదల లెక్కకు రాదు. యజమానీ అడగడు, ఆసామీ అడగడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కోరుట్ల దాటాక ఆయనే నోరు విప్పాడు.

''ఆ నాలుగు సాంచాలొద్దు. ఉన్న ఎనిమిదింటినే సరిగ చూసుకుందాం.''

ఇప్పుడు వాళ్లింట్లో దేవుడి గూటి పక్కన ఒక రేకు డబ్బా ఉంది. బీము దిగి కూలి చేతికొచ్చినప్పుడల్లా ముందు డబ్బాకు కొంత, ఆ తర్వాతే ఇంటికి. పద్దు పుస్తకంలో ప్రతి సాంచాకూ ఒక పేజీ. పిక్కర్ ఎప్పుడు మార్చారు, నూనె ఎప్పుడు పోశారు, మళ్లీ ఎప్పుడు చూడాలి... అన్నీ ఆమె రాతలోనే. కరెంటు బిల్లు తగ్గలేదు, కూలి రేటు పెరగలేదు. సాంచాలు ఇప్పటికీ ఆగుతూనే ఉన్నాయి. కాకపోతే ఏది ఎప్పుడు ఆగుతుందో కాస్త ముందే తెలుస్తోంది. విడిభాగం కోసం అప్పు అడగాల్సిన పని తప్పింది.

డబ్బాలోంచి మొదటి ఖర్చు మాత్రం ఏ సాంచాకూ కాదు. ఒక రాత్రి ఆమె కూడా తన తల్లిలాగే చాట కళ్లదాకా ఎత్తడం ఆయన చూశాడు. మర్నాడే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. పద్దులో దానికీ ఒక పేజీ తెరిచారు. ఎనిమిది సాంచాల తర్వాత, తొమ్మిదోది.