పెరటి ఉల్లిగడ్డ

గోదావరీతీరమున, శ్రీలక్ష్మీనరసింహస్వామి సన్నిధిని వెలసిన మా ధర్మపురిలో, వైశాఖమున నిప్పులు చెరుగు ఎండయు, శ్రావణ భాద్రపదములయందు ఒడలెల్ల జిగటగొలుపు ఉక్కయు నెరిగినవారు, పెరటిలో ఉల్లిగడ్డ పండునా యని సందేహింపక మానరు. నా మట్టుకు తప్పు వేడిమిది కాదు, అదను నెరుగకపోవుటయే. ఉల్లి పగటి నిడివిని బట్టి గడ్డకట్టును. శీతలదేశముల రకములకు 14 గంటల పగలు కావలెను, మన రకములకు 11, 12 గంటలు చాలును. కనుకనే ఆ శీతలదేశపు విత్తనము నాటినవారికి ఎంత సేవ చేసినను కాడలే దక్కును.

వానకాలమున తేమ వలన ఆకులపై ఊదారంగు మచ్చతెగులు ప్రబలును. నీరు నిలిచిన మడిలో గడ్డ కుళ్లును. కనుక దసరా గడచిన పిమ్మట నారు పోయుట మేలు. ఆచారవంతులు ఉల్లి ముట్టని కార్తికముననే మడిలో ఆ నారు పచ్చగా లేచుట నాకెంతో ప్రీతి. 6 మొదలు 8 వారముల నారును 10 సెంటీమీటర్ల ఎడముతో నాటవలెను. గడ్డ ఊరునపుడు దాని భుజములు మన్ను దాటి ఎర్రగా పైకి పొడుచుకొని వచ్చును. జాలిపడి వానిపై మట్టి కప్పరాదు. ఎండలు ముదురువేళకు కాడ మెడయొద్ద మెత్తబడి తనంత తాను నేలకు వ్రాలును. సగము మొక్కలు అట్లు వ్రాలినంతనే నీరు మాని, కొన్నాళ్లకు పెరికి, ఆకులతోనే నీడన ఆరబెట్టి, మెడ పూర్తిగా ఎండిన పిదపనే కాడ కోయవలెను; పచ్చిమెడ గడ్డ నిలువ యుండదు.

తల్లులారా, వచ్చు దసరా పిదప ఒక్క కుండీయందైనను నారు పోయుడు.