ముంగిసల దీవి దాకా

స్ప్లిట్ రేవులో మా పడవ గట్టు పక్కన లేదు. గట్టుని ఆనుకుని ఒకటి, దాన్ని ఆనుకుని మరొకటి, అలా వరసగా తాళ్లతో కట్టేసిన పడవల్లో మాది అన్నిటికంటే అవతలిది. పెట్టెలు మోసుకుంటూ ముందున్న పడవల్లోంచి నడుచుకుంటూ పోవాలి. ఎవరో తీరిగ్గా కాఫీ తాగుతుంటే వాళ్ల కుర్చీలు తప్పించుకుంటూ వెళ్తున్నాం. "పక్కింటి వసారాలోంచి మనింట్లోకి వెళ్లినట్టుందిరా తమ్ముడూ," అంది వదిన మా వారితో. కాకినాడ నుంచి మమ్మల్ని చూడ్డానికి జర్మనీ వచ్చిన ఆవిడని జూన్ చివర్లో ఇలా క్రొయేషియా లాక్కొచ్చాం.

వేసవి వస్తే స్ప్లిట్‌కీ దుబ్రోవ్నిక్‌కీ మధ్య ఇలాంటి చిన్న పడవలు బోలెడు తిరుగుతాయి. శనివారం ఎక్కితే మళ్లీ శనివారం దిగడం. ముప్ఫై నలభై మంది జనం, మంచం దిగితే తలుపు తగిలేటంత గదులు. పొద్దున ఫలహారం, మధ్యాహ్నం భోజనం పడవలోనే. రాత్రి ఏ ఊరు చేరితే ఆ ఊళ్లో మన డబ్బుతో మనం తినాలి. మొదట్లో ఇది పిసినారి ఏర్పాటనిపించింది గానీ, సాయంత్రం ఏడింటికి ఊరి నడిబొడ్డున దిగి, నచ్చిన సందులోకి పోయి కూచోవడంలో సుఖముంది. పెద్ద ఓడలవాళ్లకి ఆ సమయానికి ఓడ ఎక్కే హడావుడి.

అసలు సంగతి మధ్యాహ్నప్పూట ఈత. ఇళ్లూ మనుషులూ లేని ఏదో మలుపులో కెప్టెన్ ఇంజను ఆపి, వెనక నిచ్చెన దించుతాడు. ఇక ఎవరిష్టం వాళ్లది. రాళ్ల మీద సముద్రపు ముళ్లకాయలుంటాయి కాబట్టి కాళ్లకి రబ్బరు చెప్పులు తప్పనిసరి. వదినకి కాలవలో ఈత చిన్నప్పుడే వచ్చు. పంజాబీ డ్రెస్సుతోనే దిగింది. దిగీ దిగగానే, "ఇదేంటే అమ్మాయ్, చేతులాడించకుండానే తేలిపోతున్నాను!" అని కేక. తేలరా మరి! మన బంగాళాఖాతంలో గంగ దగ్గర్నుంచి గోదావరి, కృష్ణల దాకా అన్నీ మంచినీళ్లు తెచ్చి పోస్తాయి, ఉప్పు పలచబడుతుంది. ఏడ్రియాటిక్‌లో కిలో నీటికి 38 గ్రాముల దాకా ఉప్పు. ఈ ఒడ్డంతా సున్నపురాయి కొండలు. వాన కురిస్తే నీళ్లు రాళ్లలోకి ఇంకి ఎక్కడో అడుగున ఊటలుగా కలుస్తాయి తప్ప, మన గోదావరిలా ఒండ్రు మోసుకొచ్చే నదులు తక్కువ. అందుకే ఇంటి ఎత్తు లోతున కూడా గులకరాళ్లు లెక్కపెట్టచ్చు. ఉప్పాడ ఒడ్డున పెరిగిన మనిషికి సముద్రం అడుగు కనబడ్డం వింతే. ఆవిడ చాలాసేపు ముఖం నీళ్లలో పెట్టుకునే ఉంది.

దీవులు కూడా ఆ కొండలే. తీరానికి సమాంతరంగా ఉన్న కొండల వరసలు మునిగిపోగా పైకి మిగిలిన శిఖరాలు. అందుకే సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అన్నీ కలిపి 1,200కు పైమాటే, జనం ఉండేవి యాభై దాకా. బ్రాచ్ దీవిలో బోల్ దగ్గర నాలికలా సముద్రంలోకి చాచుకున్న గులకరాళ్ల మేట ఒకటి ఉంది. గాలిని, ప్రవాహాన్ని బట్టి దాని కొన ఓసారి ఇటు, ఓసారి అటు తిరుగుతుంది. ఫొటోల్లో చూసినంత ఖాళీ మాత్రం ఎక్కడా లేదు.

మర్నాడు వీస్ దీవికీ, దాని పక్కన బీషెవోలోని నీలిగుహకీ వెళ్లాలి. వీస్ ఒకప్పుడు యుగోస్లావియా సైన్యానికి స్థావరం. 1989 దాకా విదేశీయుల్ని అడుగు పెట్టనివ్వలేదు. అందరూ దానికోసమే కాచుకుని ఉన్నారు. పొద్దున్నే కెప్టెన్ వచ్చి, యూగో మొదలైంది, వెళ్లడం లేదన్నాడు. యూగో అంటే ఆగ్నేయం నుంచి వచ్చే ఉక్క గాలి. పెద్ద అలలు లేపుతుంది, మనుషుల మనసులు కూడా చెడగొడుతుందంటారు. పూర్వం దుబ్రోవ్నిక్ గణతంత్రంలో ఈ గాలి వీచినంతకాలం చట్టాలు చేసేవారు కాదని ఇక్కడ చెప్పుకుంటారు. ఓ జర్మన్ దంపతులు డబ్బు కట్టాం కదా అని గొడవకి దిగారు. కెప్టెన్ వాదించలేదు, జెండా వైపు చెయ్యి చూపించి వంటగదిలోకి వెళ్లిపోయాడు. నేను కెప్టెన్ పక్షమే. అంత చిన్న పడవ ఎక్కినవాళ్లు గాలితో బేరాలాడకూడదు.

అలా, గాలి తగలని లోతైన అఖాతంలో ఉన్న స్టారీ గ్రాద్‌లో లంగరేశాం. అది మా కార్యక్రమంలోనే లేదు. హ్వార్ దీవిలో ఇది పాత ఊరు. పారోస్ నుంచి గ్రీకులు వచ్చి క్రీ.పూ. 384లో కట్టుకున్నది. ఊరు దాటితే వాళ్లు కొలిచి పంచుకున్న పొలాలు. అప్పటి హద్దుల మీదే రాతి గట్లు, వాటి మధ్య ద్రాక్ష, ఆలివ్ తోటలు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. అద్దె సైకిళ్ల మీద గట్ల వెంట తిరిగాం. వదిన ఓ గట్టు మీద కూచుని కొలతలన్నీ విని, "రెండువేల నాలుగొందల ఏళ్లా! ఒక్కడు కూడా గట్టు జరపలేదంటావా?" అంది. ఆవిడ ముప్పావు ఎకరం కోసం పెద్దాపురం కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. అదే దీవిలోని హ్వార్ పట్నం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రాత్రంతా డప్పులు, చొక్కా లేకుండా వీధుల్లో తిరిగితే వందల యూరోల జరిమానా అని బోర్డులు.

కోర్చులాలో మళ్లీ గాలే. పాత ఊరి వీధులు చేప ముల్లులా వెన్నెముకకి రెండు వైపులా చీలతాయి. పడమటి సందులు తిన్నగా ఉంటాయి, వేసవి చల్లగాలి లోపలికి రావాలని. తూర్పువి కాస్త వంకర, చలికాలపు బూరా గాలి నేరుగా దూరకూడదని. మార్కో పోలో తమ ఊళ్లోనే పుట్టాడని కోర్చులావాళ్ల వాదన. చరిత్రకారులు ఎక్కువమంది వెనిసే అంటారు. 1298లో వెనిస్, జెనోవాల నౌకాయుద్ధం మాత్రం ఈ ఒడ్డునే జరిగింది. ఆయన పట్టుబడింది అందులోనేనని పరంపరగా చెబుతారు. ఆ జెనోవా చెరసాలలో చెప్పి రాయించిన పుస్తకంలోనే మన మోటుపల్లి రేవూ, ఆ రాజ్యాన్నేలిన రాణీ ఉన్నారు. ఆ రాణి రుద్రమదేవేనని మనవాళ్లు గుర్తించారు. చీరాల దగ్గరి మోటుపల్లి అనగానే వదిన ఓ ఇరుకు సందులో టిక్కెట్టు కొని, మార్కో పోలో ఇల్లని వాళ్లు చూపించే మేడ ఎక్కింది. నేను కిందే ఉండిపోయాను.

నాకు అన్నిటికంటే నచ్చింది మ్లేట్ దీవి. పడమటి కొన జాతీయవనం, రెండు ఉప్పునీటి సరస్సులు, పెద్దదాని మధ్య బుల్లి దీవి, దాని మీద పన్నెండో శతాబ్దపు మఠం. కాలిబాటన నడుస్తుంటే పొదల్లోంచి ఏదో గోధుమ రంగు జంతువు సర్రున దాటింది. "ముంగిస!" అని ముందు అరిచింది వదినే. నిజంగా ముంగిసే, మన ఆసియా జాతిదే. దీవిలో విషపాములు ఎక్కువయ్యాయని 1910లో తెచ్చి వదిలారు. పాములు తగ్గాయి. తర్వాత అవి పక్షుల గుడ్ల మీద, కోళ్ల మీద పడ్డాయి. వందేళ్లు దాటినా వదిలించుకోలేకపోతున్నారు. "చూడగానే శుభమే అనుకో, పోనీలే," అంటూ ఆవిడ దాని వెనకే నాలుగడుగులు వేసింది.

దుబ్రోవ్నిక్‌లో గ్రూజ్ రేవులో ఎత్తయిన ఓడ నీడన మా పడవ కట్టారు. జనం తాకిడికి తట్టుకోలేక, ఒకేసారి రెండు ఓడలకీ, 4,000 మందికీ మించి రాకుండా 2019లో ఆ ఊరు కట్టడి పెట్టుకుంది. కోట గోడ మీద నడక 1,940 మీటర్లు. పదయ్యేసరికి రాయి కాలిపోతుంది, తెరవగానే వెళ్లడం మేలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ మెట్లు వద్దు. కుదిరితే సెప్టెంబరులో వెళ్లండి, నీళ్లు వెచ్చగానే ఉంటాయి, పడవలు తగ్గుతాయి.

దిగేముందు కెప్టెన్ నోటు పుస్తకం తెరిచాడు. పడవలో తాగిన ప్రతి సీసాకీ పేరు కింద ఓ గీత. బయటినుంచి తెచ్చుకోనివ్వరు, మంచినీళ్లకీ గీతే. మా వారు నోరెత్తలేదు. వదిన మాత్రం కళ్లజోడు పెట్టుకుని గీతలన్నీ మళ్లీ లెక్కపెట్టి, రెండు కొట్టేయించింది.